ఈగ ఱెక్కమీది మచ్చ

పరిణామం అనే మాట తెలుగువారికి కొత్తది కాదు. పాలు తోడుకొని పెరుగుగా పరిణమించడం మన దర్శనకారులు తరచుగా చూపిన దృష్టాంతం. ఆ మాటలో మార్పు అనే అర్థమే ఉన్నది గాని ఎదుగుదల, ఔన్నత్యం అనే అర్థాలు లేవు. పాలకంటె పెరుగు గొప్పదని ఎవ్వరూ అనలేదు. అయినా జీవపరిణామాన్ని గురించి వ్రాయుమన్నప్పుడు విద్యార్థుల సమాధాన పత్రాలలో కనబడేది ఒక నిచ్చెన. ఏకకణజీవి మొదటి మెట్టు, చేప ఆ పై మెట్టు, కప్ప, బల్లి, కోతి ఇంకా పై మెట్లు, మానవుడు చిట్టచివరి మెట్టు. ప్రతి మెట్టువద్ద జీవికి ఏదో ఒక కొత్త అవయవం వచ్చి చేరుతుంది. ఈ లెక్కలో కూడికే కాని తీసివేత లేదు. తీసివేతను గురించి తప్పనిసరిగా చెప్పవలసి వస్తే, "వాడని అవయవం క్రమంగా క్షీణిస్తుంది" అనే ఒక్క వాక్యంతో సరిపెట్టడం పరిపాటి.

ఆ ఒక్క వాక్యంలోనే చిక్కంతా ఉన్నది. పరిణామంలో పోగొట్టుకోవడం ఎట్లా జరుగుతుందో తెలిసినవాడికి పొందడం ఎట్లా జరుగుతుందో కూడ తెలుస్తుంది. ఈ విషయాన్ని వివరించడానికి పాము కాళ్లను, మనిషి తోకను గాక, మన తోటలలో ముసిరే ఒక సన్నని ఈగను ఎన్నుకొన్నాను. దానికి కారణం కలదు. పాము కాళ్లు ఎట్లా పోయినవో కోట్ల సంవత్సరాల వెనుకకు పోయి ఊహించాలి. ఈగ పోగొట్టుకొన్నదానిని మాత్రం డి.ఎన్.ఎ.లో ఏ చోట పోగొట్టుకొన్నదో వ్రేలు పెట్టి చూపగలిగినారు.

ఉద్యానం అనే మాటే ఉద్దానమైనదని పెద్దలు చెబుతారు. పలాస నుండి సోంపేట, కవిటి మీదుగా ఇచ్ఛాపురం దాక సముద్రపు ఒడ్డున పరచుకొన్న కొబ్బరి, పనస, జీడి తోటలను చూచినవారికి ఆ వ్యుత్పత్తి అసహజమనిపించదు. వేసవిలో జీడిపిక్కలు ఏరుకొనేవారు పిక్కను గిల్లి తీసుకొని పండును చెట్టు క్రిందనే వదలివేస్తారు. రెండవ నాటికి ఆ పండు పులిసి, తోటంతా ఒక విధమైన తీపి ఘాటు అలముకొంటుంది. ఆ పులుపుకు వచ్చి చేరేదే మనం చెప్పుకొంటున్న ఈగ. పగిలిన పనసపండుమీద, కల్లు ముంతమీద, ఇంట్లో మగ్గిన అరటిపండుమీద వ్రాలేదీ ఇదే. మామిడికాయను తొలిచి పురుగు పెట్టే పెద్ద ఈగ వేరు, ఇది వేరు. ఇది పంటకు సాధారణంగా కీడు చేయదు. పులిసిన పండుమీద పెరిగే ఈస్టును తిని బ్రతుకుతుంది. నిడివి మూడు మిల్లీమీటర్లకు మించదు. గుడ్డు నుండి రెక్కల ఈగ కావడానికి వెచ్చని వాతావరణంలో పది రోజులు చాలు.

శాస్త్రజ్ఞులు దీనిని డ్రోసోఫిలా అంటారు. గ్రీకులో ఆ మాటకు మంచును ప్రేమించేది అని అర్థం. కల్లు ముంతను ప్రేమించే ప్రాణికి మంచు పేరు పెట్టడం కొంత ఉదారంగానే ఉన్నది. ఈ ప్రజాతిలో పదిహేను వందలకు పైగా జాతులు ఉన్నవి. 1910లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో థామస్ హంట్ మోర్గన్ తన సీసాలలో ఒక తెల్లకన్ను మగ ఈగను చూచి, ఆ గుణం లింగ క్రోమోసోమును అనుసరించి వస్తున్నదని గ్రహించినాడు. 1933లో ఆయనకు నోబెల్ బహుమానం లభించింది. అప్పటి నుండి నేటి వరకు జన్యుశాస్త్రానికి ఈ ఈగయే పలక, బలపం.

ఇక మన విషయం. ఈ ఈగలలో మగదానిని, ఆడదానిని వేరుచేసే గుర్తులు కొన్ని ఉన్నవి. వాటిలో మూడు మనకు ముఖ్యం.

మొదటిది ముందుకాలిమీది దువ్వెన. మెలనోగాస్టర్ అనే జాతిలో మగ ఈగ ముందుకాలి పాదంలో మొదటి కణుపుమీద పది పన్నెండు నల్లని మొద్దు శూకాలు వరుసగా, దువ్వెన పళ్లవలె నిలిచి ఉంటవి. ఆడ ఈగకు ఆ చోట మామూలు నూగు శూకాలే అడ్డవరుసలుగా ఉంటవి. ఆశ్చర్యమేమంటే, మగ ఈగ కాలిమీద కూడ మొదట మొలకెత్తేది ఆ అడ్డవరుసయే. ప్యూపా దశలో ఆ వరుస లావెక్కి, నల్లబడి, మొత్తం ఒక ప్రక్కకు తిరిగి నిలువు వరుస అవుతుంది. అంటే దువ్వెన శూన్యం నుండి వచ్చినది కాదు. ఇద్దరికీ ఉన్న వస్తువును మగ ఈగ వేరుగా దిద్దుకొన్నది. ఈ దువ్వెన డ్రోసోఫిలా ప్రజాతి అంతటా లేదు. మెలనోగాస్టర్, అబ్‌స్క్యూరా అనే రెండు సమూహాలలో తప్ప తక్కిన జాతులు చాలవాటిలో కనబడదు. ఉన్నచోట కూడ ఒక్కొక్క జాతిది ఒక్కొక్క తీరు. మన దేశంలో విరివిగా దొరికే అననాసే జాతిలో అది పొట్టి పొట్టి అడ్డవరుసలుగా ఉంటుంది. బైపెక్టినేటా అనే జాతికి ఆ పేరు రెండు దువ్వెనలు కలదనే అర్థంలోనే పెట్టినారు.

రెండవది ఉదరపు చివర నలుపు. మెలనోగాస్టర్ అంటే నల్లపొట్టది అని అర్థం. అయితే పేరు మగదానికే సరిపోతుంది. మగ ఈగ ఉదరంలో చివరి రెండు ఖండితాలు పూర్తిగా నల్లగా ఉంటవి. ఆడదానికి చారలు మాత్రమే ఉంటవి. జాతికంతటికీ మగవాని గుర్తునుబట్టి పేరు పెట్టడం ఈగల లోకంలోనే జరిగే వింత కాదు గనుక దానిని విడిచిపెడదాం.

మూడవది ఱెక్క కొసన నల్లమచ్చ. ఇది మెలనోగాస్టర్‌కు లేదు. దాని దాయాదులైన కొన్ని ఆసియా జాతులలో మగ ఈగకు ఉంటుంది. వీటిలో బయార్మిపెస్ అనే జాతి మన దక్షిణ భారతానిది. 1924లో మాలక్ అనే కీటకశాస్త్రజ్ఞుడు కోయంబత్తూరు ఈగలనుబట్టి దానిని మొదటిసారి వర్ణించినాడు. జత కోరే వేళ ఈ మగ ఈగలు ఆడ ఈగ ఎదుట నిలిచి ఱెక్కలు చాపి ఆ మచ్చలను ప్రదర్శిస్తవి.

ఇట్లా ఒకే జాతిలో స్త్రీ పురుషులు రూపంలో భేదించడాన్ని లైంగిక ద్విరూపకత అంటారు. ఈ గుర్తులు అలంకారప్రాయమా, పని ఉన్నవా అనే సందేహం సహజంగా కలుగుతుంది. దువ్వెన విషయంలో సమాధానం స్పష్టంగా దొరికింది. జతకట్టే వేళ మగ ఈగ ఆ దువ్వెనతో ఆడ ఈగను పట్టుకొంటుంది. దువ్వెనను తొలగించిన మగ ఈగలు జతకట్టడంలో వెనుకబడినవని 1977 నుండి పలు ప్రయోగాలు చూపినవి. దీనికి సంబంధించిన ఒక ముచ్చట చెప్పకుండ ఉండలేను. 1915లోనే స్టర్టివాంట్ అనే జన్యుశాస్త్రజ్ఞుడు ఎల్లో అనే జన్యువు చెడిన పసుపుపచ్చ మగ ఈగలు ఆడ ఈగలను మెప్పించలేకపోతున్నవని గమనించినాడు. ఆ జన్యువు మెదడును ప్రభావితం చేసి, ప్రణయకలాపాన్ని మందగింపజేస్తున్నదని చాలకాలం అనుకొన్నారు. శతాబ్దం గడచిన తరువాత 2019లో అసలు కారణం బయటపడింది. లోపం మనస్సులో లేదు, దువ్వెనలో ఉన్నది. నల్లరంగునిచ్చే మెలనిన్ లేనందువల్ల దువ్వెనపళ్లు సరిగా రూపొందక పట్టు దొరకడం లేదు. నలుపు రంగుకే కాదు, గట్టిదనానికి కూడ మెలనిన్ కావాలి. నూరేళ్లు మనస్సుమీద మోపిన నేరం చివరకు కాలిమీద తేలిందన్నమాట.

ఇంత పనికివచ్చే గుర్తులు పోవడం ఎందుకు, ఎట్లా?

ఉదరపు నలుపుతో ప్రారంభిద్దాం. మెలనోగాస్టర్ సమూహపు పూర్వికులలో ఒకప్పుడు మగ ఈగకు ఈ నలుపు కొత్తగా వచ్చింది. ఆ వంశంలో పుట్టిన జాతులన్నీ దానిని నిలుపుకోలేదు. మన దేశంలో విస్తారంగా దొరికే కికావాయి అనే జాతినే చూడండి. జపాను జన్యుశాస్త్రజ్ఞుడు కిక్కావా పేరుతో వెలసిన ఈ జాతిలో మగ ఈగ ఉదరపు కొస నల్లగా ఉండదు. 2006లో జియోంగ్, రోకాస్, కేరల్ అనే పరిశోధకులు దీని కారణాన్ని వెదికినారు. నలుపుకు కావలసిన ఎల్లో జన్యువు ఆ ఈగలో చెడిపోలేదు, నిక్షేపంగా ఉన్నది. చెడినది మరొకటి.

దీనిని గ్రహించాలంటే జన్యువు పనిచేసే తీరు కొంచెం తెలియాలి. జన్యువు ప్రక్కనే డి.ఎన్.ఎ.లో దానిని ఎక్కడ, ఎప్పుడు పనిచేయించాలో నిర్ణయించే చిన్న చిన్న భాగాలు ఉంటవి. వాటిని నియంత్రణ భాగాలు అందాం. ఇంటికంతటికీ కరెంటు ఒక్కటే. గదికొక స్విచ్చి వేరుగా ఉంటుంది. ఎల్లో జన్యువుకు ఉదరానికి ఒక స్విచ్చి, ఱెక్కకు ఒక స్విచ్చి, శూకాలకు ఒక స్విచ్చి వేరువేరుగా ఉన్నవి. ఉదరపు స్విచ్చిని నొక్కే వ్రేలు అబ్డామినల్-బి అనే ప్రోటీను. అది శరీరపు వెనుక భాగంలోనే తయారవుతుంది గనుక నలుపు కూడ వెనుకనే వస్తుంది. కికావాయి జాతిలో ఆ ప్రోటీను వచ్చి అంటుకొనే ముఖ్యమైన చోట డి.ఎన్.ఎ. అక్షరాలు మారిపోయినవి. వ్రేలు ఉన్నది, కరెంటు ఉన్నది. నొక్కవలసిన మీట అరిగిపోయినది. ఆ గదిలో దీపం వెలగదు, తక్కిన గదులలో యథాప్రకారం వెలుగుతుంది.

తెలుగు విద్యార్థికి ఇంతకంటె దగ్గరి ఉపమానం ఉన్నది. ఈ వ్యాస శీర్షికలో ఱెక్క అని బండి ఱతో వ్రాసినాను. అది నిఘంటువులోని పాత వ్రాత. నేడు అందరూ రెక్క అనే వ్రాస్తున్నారు. అంతమాత్రాన బండి ఱ వర్ణమాల నుండి తొలగిపోలేదు. పెద్దబాలశిక్షలో ఉన్నది, పాత కావ్యాలలో ఉన్నది. ఈ ఒక్క మాటలో దానిని పిలిచేవారు లేకపోయినారు. కికావాయి ఉదరంలో ఎల్లో జన్యువు సంగతి కూడ ఇట్టిదే.

జన్యువే చెడిపోతే ఏమవుతుంది? శూకాల రంగు పోతుంది, దువ్వెన పట్టు పోతుంది, ఇంకా ఎన్నో పోతవి. అట్టి ఈగ వంశం నిలవడం కష్టం. అందుచేత ప్రకృతిలో నిలిచే నష్టాలు చాలవరకు జన్యువులో గాక నియంత్రణ భాగాలలో జరుగుతున్నవని ఈ పరిశోధకులు భావిస్తున్నారు. నాకు ఈ వాదం చాల బలమైనదిగా తోస్తున్నది. ఒక్క మచ్చను తుడిచివేయడానికి ఇల్లంతా తగులబెట్టనక్కరలేని మార్గం ఇదే గదా!

మరొక విశేషం. ఈ సమూహంలో మగ నలుపు కనీసం మూడు వేరువేరు విధానాలలో పోయినట్లు ఆ పరిశోధనలోనే తేలింది. ఆఫ్రికా పశ్చిమతీరాన సావో టోమే ద్వీపంలో సాంటోమియా అనే ఈగ ఉన్నది. దాని సోదరజాతి యాకూబా మగ ఈగకు నల్ల ఉదరం ఉండగా, దీనికి నలుపే లేదు. ఇక్కడ చెడినది ఎల్లో కాదు, టాన్ అనే వేరొక జన్యువుయొక్క స్విచ్చి. అది కూడ ఒక్కసారి కాదు, ఆ ఒక్క జాతిలోనే మూడుసార్లు వేరువేరు మార్పులవల్ల చెడిందని 2008లో నిరూపించినారు. ఒకే తలుపును ముగ్గురు వేరువేరు తాళాలతో బిగించినట్లయినది.

ఱెక్క మచ్చ కథ ఇంకా రమ్యమైనది. ఎలెగాన్స్, గునుంగ్‌కోలా అనే రెండు జాతులు అక్కచెల్లెళ్లవంటివి. ఆగ్నేయాసియా ప్రాంతపువి, పూలను ఆశ్రయించి పెరుగుతవి. ఎలెగాన్స్ మగ ఈగకు ఱెక్కమీద మచ్చ ఉన్నది, ఆడ ఈగ ముందు నిలిచి ఱెక్కలు చాపే నాట్యమూ ఉన్నది. గునుంగ్‌కోలా మగ ఈగకు మచ్చ లేదు, నాట్యమూ లేదు. 2006లో ప్రూదొమ్, గోంపెల్, కేరల్ మొదలైనవారు మచ్చ ఉన్న, లేని జాతులను పోల్చి చూచి, ఈ కుటుంబంలో మచ్చ పలుమార్లు వచ్చింది, పలుమార్లు పోయింది అని తేల్చినారు. వారు లోతుగా పరీక్షించిన రెండు నష్టాలలోను చెడిపోయినది ఎల్లో జన్యువుయొక్క ఒకే స్విచ్చి. ఈ సోదరజాతుల విషయంలో కొద్దిపాటి డి.ఎన్.ఎ. అక్షరాల భేదమే స్విచ్చి పనిచేయడానికి, చేయకపోవడానికి చాలినదని చూపినారు. ఇందుకు భిన్నంగా, మచ్చ వచ్చిన రెండు సందర్భాలలో మాత్రం వేరువేరు పాత స్విచ్చిలు కొత్త పనికి వినియోగపడినవి. వచ్చేటప్పుడు దారులు వేరు, పోయేటప్పుడు ద్వారం ఒక్కటి.

మచ్చతోపాటు నాట్యం కూడ పోవడం గమనింపదగిన సంగతి. మచ్చ లేని ఱెక్కను చాపి చూపడంలో ప్రయోజనం లేదు. చాపని ఱెక్కకు మచ్చ ఉండీ ఫలం లేదు. రెంటిలో ఏది ముందు పోయిందో పైకి చూచి చెప్పడం సాధ్యం కాదు.

ఇప్పుడు మొదట చెప్పిన వాక్యానికి వద్దాం. వాడనందువల్ల అవయవం పోతుందన్నది లామార్క్ ప్రచారంలోకి తెచ్చిన భావం. జీవి తన జీవితకాలంలో పొందినది, కోల్పోయినది సంతానానికి సంక్రమిస్తుందని దాని సారాంశం. జర్మనీ శాస్త్రజ్ఞుడు వైస్‌మన్ పందొమ్మిదవ శతాబ్దం చివర అనేక తరాల ఎలుకలకు తోకలు కోసి చూచినాడు. పిల్లలు తోకలతోనే పుట్టినవి. అంత కష్టం కూడ అక్కరలేదు. మన దేశంలో తరతరాలుగా ఆడపిల్లలకు చెవులు కుట్టిస్తూనే ఉన్నారు. ఏ పిల్లా కుట్టిన చెవులతో పుట్టలేదు.

సరియైన క్రమం వేరు. డి.ఎన్.ఎ.ను నకలు వ్రాసుకొనేటప్పుడు అక్షరదోషాలు అప్పుడప్పుడు దొర్లుతూనే ఉంటవి. వీటినే ఉత్పరివర్తనాలు అంటారు. దోషం అవసరాన్నిబట్టి రాదు, ఊరకే వస్తుంది. మచ్చ స్విచ్చిలో దోషం దొర్లిన మగ ఈగకు మచ్చ ఉండదు. ఆడ ఈగలు మచ్చనే చూచి వరించే కాలంలో అట్టి మగ ఈగకు సంతానం తక్కువ. దోషం అంతటితో అంతరిస్తుంది. అంటే గుణం నిలిచి ఉండడమనేది ఊరికే నిలిచి ఉండడం కాదు, ప్రతి తరంలోను ఎవరో కాపలా కాయడం. మన బయార్మిపెస్ జాతిలోనే మచ్చ ఉన్న మగ ఈగలు, లేని మగ ఈగలు రెండు రకాలూ ఉన్నవి. మైసూరు పరిశోధకులు 2005లో ప్రకటించిన అధ్యయనంలో మచ్చ లేనివి కూడ జతకట్టినప్పటికీ మచ్చ ఉన్నవాటికే విజయం ఎక్కువ లభించింది. అక్కడ కాపలా ఇంకా సాగుతున్నదన్నమాట. ఆడ ఈగలు మచ్చను పట్టించుకోవడం మానివేసి రెక్కల సవ్వడినో, వాసననో చూచి వరించడం మొదలుపెడితే కాపలా తొలగిపోతుంది. అప్పుడు దోషాలు చేరి చేరి మచ్చ మాసిపోతుంది. వాడకపోవడంవల్ల పోలేదు, దోషాన్ని ఏరివేసేవారు లేక పోయింది. ఈ రెండింటికీ ఉన్న తేడాయే లామార్క్‌కు, డార్విన్‌కు ఉన్న తేడా.

కాపలా ఉండగానే గుణం పోవడం కూడ జరుగుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస ప్రాంతాన తీరం దాటినప్పుడు ఉద్దానంలో జీడి, కొబ్బరి, పనస చెట్లు లెక్కకు మించి కూలిపోయినవి. ఒక తోటలో నాలుగు పనసచెట్లు మిగిలినవనుకొందాం. అవి తియ్యని పండ్లనిచ్చేవి గనుక మిగలలేదు. గాలి దారిలో లేనందువల్ల మిగిలినవి. ఆ నాలుగింటి గింజలతోనే తోట మళ్లీ వేస్తే, వాటిలో లేని మంచి గుణాలు ఎన్ని ఉన్నా ఆ తోటకు ఇక దక్కవు. చిన్న ద్వీపాన్ని చేరిన కొద్దిపాటి ఈగల విషయంలోను ఇట్లే జరగవచ్చు. దీనిని జన్యు విస్థాపనం అంటారు. ఇందులో యోగ్యతకు తావు లేదు.

మూడవ మార్గం అన్నిటికంటె కఠోరమైనది. గుణమే ప్రాణాంతకం కావడం. హవాయి దీవులలోని కవాయిలో మగ కీచురాళ్లు రెక్కలు రాపిడి చేసి పాడి ఆడవాటిని పిలుస్తవి. ఆ పాటను విని వచ్చే ఒక పరాన్నజీవి ఈగ వాటిమీద పిల్లపురుగులను విడుస్తుంది. అవి కీచురాయిని లోపలినుండి తినివేస్తవి. 2003 నాటికి అక్కడి మగ కీచురాళ్లలో అధికభాగం పాడే నిర్మాణం లేని చదును రెక్కలతో కనబడినవి. ఇరవై తరాలలోపే ఆ ద్వీపం దాదాపు మూగబోయింది. మూగ మగ కీచురాళ్లు ఏం చేస్తున్నవి? ఇంకా పాడుతున్న ఒకటి రెండింటి చెంత చేరి, ఆ పాటకు వచ్చే ఆడవాటిని అడ్డగించి జతకడుతున్నవి.

పెద్ద జంతువులలోను ఇట్టి ఉదాహరణలు కొరవడలేదు. ఆసియా ఏనుగులలో బయటికి కనబడే పెద్ద దంతాలు మగవాటికే ఉంటవి. ఆ మగవాటిలోను దంతాలు లేనివి కలవు. మన ఉర్దూ విభాగం మిత్రులు ఎరిగిన మఖ్నా అనే మాట అట్టి ఏనుగుదే. సింహళంలో మగ ఏనుగులలో చాలవాటికి దంతాలు లేవు. ఒడిశా అడవుల నుండి మన జిల్లా ఏజెన్సీలోకి దిగివచ్చే ఏనుగులను చూచినప్పుడు ఈ భేదాన్ని గమనించవచ్చు, సురక్షితమైన దూరం నుండి మాత్రమే.

ఇక్కడ ఒక భ్రమను తొలగించాలి. మగవానిలో మాత్రమే కనబడే గుణానికి జన్యువు మగవానిలో మాత్రమే ఉంటుందని, అది వై క్రోమోసోముమీదనే ఉంటుందని చాలమంది తలపోస్తారు. ఈ తలపుకు ఆంధ్రదేశంలో ఒక చరిత్ర ఉన్నది. ఇంగ్లండును విడిచి 1957లో భారతదేశానికి వచ్చిన సుప్రసిద్ధ జన్యుశాస్త్రజ్ఞుడు జె.బి.ఎస్. హాల్డేన్ శిష్యులలో పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. ఆయన ఆంధ్ర కుటుంబాల వంశవృక్షాలను సేకరించి, చెవి డొప్పమీద వెంట్రుకలు మొలిచే గుణం తండ్రి నుండి కుమారులకు వై క్రోమోసోము ద్వారానే వస్తున్నదని 1960లో వ్యాసం ప్రకటించినారు. ఆ ఉదాహరణ పాఠ్యగ్రంథాలకు ఎక్కింది. నేటికీ కొన్నిటిలో ఉన్నది. 2004లో అట్టి చెవులున్న భారతీయ పురుషుల వై క్రోమోసోములను తక్కినవారి వాటితో పోల్చి చూడగా, ఆ సంబంధం నిలువలేదు. గుణం మగవారిదే కావచ్చును, జన్యువు నివాసం మాత్రం వేరు. హాల్డేన్ 1964 డిసెంబరు 1న భువనేశ్వరంలో మరణించినారు. ఆయన కోరిక ప్రకారం భౌతికకాయాన్ని వైద్యవిద్యార్థుల ఉపయోగానికి కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చినారు. మన ఉత్తరాంధ్ర విద్యార్థులలో ఈ సంగతి ఎరిగినవారు తక్కువ గనుక ప్రసంగవశాత్తు పేర్కొన్నాను.

ఈగలలో కూడ ఇంతే. ఎల్లో జన్యువు ఉన్నది ఎక్స్ క్రోమోసోముమీద. ఆడ ఈగకు రెండు ప్రతులు, మగ ఈగకు ఒక్కటే. నలుపు తయారుచేయగల సామగ్రి ఆడ ఈగ వద్దనే ఎక్కువ ఉన్నదన్నమాట. దానిని ఉదరపు కొసలో అణచి ఉంచేది బ్రికాబ్రాక్ అనే మరొక జన్యువు. మగ ఈగలో ఆ అణచివేత తొలగిపోతుంది. ఈ ఏర్పాట్లకు మూలంలో ఉన్నది డబుల్‌సెక్స్ అనే జన్యువు. అదొక విచిత్రమైన గ్రంథం. ఆడ ఈగలో ఒక పాఠంగా, మగ ఈగలో మరొక పాఠంగా చదువబడుతుంది. దువ్వెన మొలిచే కణుపులో ఈ జన్యువు మగ పాఠంతో పనిచేసి, మరొక జన్యువును హెచ్చు మోతాదులో పనిచేయిస్తుంది. దువ్వెన లేని జాతులలో ఆ కణుపువద్ద డబుల్‌సెక్స్ ఈ పాత్ర వహించదు. గమ్మత్తు ఏమంటే, ఆ రెండవ జన్యువు పేరే సెక్స్ కోంబ్స్ రెడ్యూస్డ్, దువ్వెన తగ్గినది అని. జన్యువు చెడినప్పుడు కనబడే లోపాన్నిబట్టి దానికి పేరు పెట్టడం ఈగల శాస్త్రజ్ఞుల సంప్రదాయం. దీపం ఆరినప్పుడు గదికి చీకటి అని పేరు పెట్టడం వంటిది ఇది. క్రొత్తగా చదివేవారు తికమకపడడంలో ఆశ్చర్యం లేదు.

ఇంత వివరంగా వ్రాయడానికి మరొక హేతువు ఉన్నది. 2023లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి పదవ తరగతి విజ్ఞానశాస్త్ర పుస్తకం నుండి పరిణామ పాఠాన్ని తొలగించినప్పుడు, దేశంలో పద్దెనిమిది వందలకు పైగా శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు బహిరంగ లేఖమీద సంతకాలు చేసి అభ్యంతరం తెలిపినారు. పాఠ్యభారం తగ్గించడానికే అని మండలి చెప్పింది. పదవ తరగతి తరువాత జీవశాస్త్రం తీసుకోని పిల్లవానికి ఇక ఆ పాఠం ఎన్నడూ తారసపడదు. మందుకు లొంగని పురుగు, మాత్రకు లొంగని జ్వరం అతని ఇంటికి వస్తవి. అవి ఎందుకు లొంగడంలేదో చెప్పే పాఠం అతని పుస్తకంలో ఉండదు. కళాశాల యాజమాన్యం వేసవి సెలవులకు ముందు ఒక్క వారం ఈ విషయంపై అన్ని శాఖల విద్యార్థులకూ ఉపన్యాసాలు ఏర్పాటు చేయడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదని మనవి.

ఉపన్యాసంకంటె ముందు కళ్లతో చూడదలచినవారికి సామగ్రి తేలిక. వెడల్పు మూతిగల ఒక గాజుసీసా, మగ్గిన అరటిపండు ముక్క, మూతికి చుట్టడానికి కాగితం చాలు. కాగితాన్ని గరాటువలె చుట్టి, సన్నని కొస సీసాలోపలికి ఉండేటట్లు పెట్టి, జీడిచెట్టు నీడలో ఒక పూట ఉంచండి. లోపలికి దిగిన ఈగలకు బయటికి దారి దొరకదు. సీసాను కొంచెంసేపు మంచుగడ్డలలో ఉంచితే అవి చలికి కదలక పడి ఉంటవి. అప్పుడు తెల్లకాగితంమీద పరచి, జంతుశాస్త్ర ప్రయోగశాలలోని భూతద్దం క్రింద చూడండి. ఉదరం కొస మొద్దుగా గుండ్రంగా ఉన్నది మగది, కొస సన్నగా మొనదేలినది ఆడది. మగదాని ముందుకాలిమీద నల్లని చుక్కవలె కనబడేదే దువ్వెన. ఉదరం నల్లనిదా, పాలిపోయినదా, ఱెక్క కొసన మచ్చ ఉన్నదా అన్నవి వేరువేరుగా లెక్క వ్రాసుకోండి. తోట పేరు, తేదీ కూడ వ్రాయడం మరువకండి. వేడి తగిలితే పావుగంటలోనే ఈగలు తేరుకొని ఎగిరిపోతవి గనుక లెక్క త్వరగా ముగించాలి.